పాలు పడలేదా? పడనివ్వలేదా?

ఈ వారం ఒక సోదరి రాసిన ఉత్తరంతో మొదలుపెడతాను. ఇలాంటి ఉత్తరాలు ఈ శీర్షికకి తరచూ వస్తుంటాయి గాని, ఇంత వివరంగా రాసేవారు తక్కువ. పేరూ ఊరూ వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. సారాంశం ఇది:

"డాక్టరుగారూ, నాకిప్పుడు ఏడో నెల. రెండో కాన్పు. మొదటి బాబుకి నాకు పాలు పడలేదు. ఆపరేషను చేసి తీశారు. మొదటి రోజు మా అమ్మ తేనె నాకించింది, సాయంత్రానికి నర్సింగ్ హోమ్‌లో డబ్బాపాలు రాసిచ్చారు. మూడో రోజున రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరం వచ్చింది. బాబు నోరు పెడితే ఏడుపే. నెల తిరిగేసరికి ఉన్న కాసిని పాలూ ఇంకిపోయాయి. ఏడాది నిండేలోగా వాడికి మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి, ఒకసారి సెలైను ఎక్కించారు. 'మా కోడలికి పాలు లేవండీ' అని మా అత్తగారు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరితో అంటూనే ఉంటారు. నా ఒంట్లో ఏదైనా లోపం ఉందా? ఈ బిడ్డకైనా నా పాలు ఇవ్వగలనా?"

అమ్మా, మీ ప్రశ్నకి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మూడో రోజున రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయని రాశారు. పాలు లేని రొమ్ము అలా గట్టిపడదు. మీకు పాలు పడ్డాయి. అవి వచ్చేవేళకి తాగవలసినవాడు సీసాకి అలవాటుపడి ఉన్నాడు. ఎవరూ తీయకపోవడంతో పాలు గడ్డకట్టాయి, ఆ తరువాత తగ్గిపోయాయి. మిమ్మల్ని నేను స్వయంగా పరీక్ష చేయలేదు గాని, మీరు రాసిన దాన్ని బట్టి మీ ఒంట్లో లోపం ఉందనిపించడం లేదు. లోపం ఆ మూడు రోజుల్లో ఉంది. మీ అత్తగారికి కూడా ఈ పేజీ చదివి వినిపించండి.

పరీక్షకి వచ్చే గర్భిణీ స్త్రీలను నేను ఒక ప్రశ్న అడుగుతుంటాను. తల్లిపాలు మంచివేనా అని మాత్రం అడగను. ఆ మాట ఆస్పత్రి గోడల మీదే రాసి ఉంటుంది, ఎవరూ కాదనరు. "బిడ్డ పుట్టిన మొదటి రెండు రోజులూ ఏం పడతావమ్మా?" అని అడుగుతాను. అక్కడ తడబడతారు. ఎం.ఎస్సీ. చదివిన అమ్మాయి కూడా "మూడో రోజుకి గాని పాలు పడవట కదండీ, అందాకా డబ్బాపాలేగా" అంటుంది. పక్కన కూర్చున్న వాళ్ళమ్మగారు "ముందు కాస్త తేనె నాకిస్తాం లెండి" అని అందుకుంటారు. తల్లిపాలు శ్రేష్ఠం అని అందరికీ తెలుసు. అవి ఎప్పుడు, ఎంత, ఎలా వస్తాయో చెప్పినవారు లేరు. సీమంతం రోజున గాజులు తొడుగుతారు, ఏం తినాలో ఏం తినకూడదో పదిమంది చెబుతారు. ఈ సంగతి మాత్రం సిగ్గువల్లనో, అదే వస్తుందిలే అన్న ధీమావల్లనో ఎవరూ ఎత్తరు.

ఫలితం లెక్కల్లోనే కనబడుతోంది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 88.6 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. పుట్టిన గంటలోగా తల్లి రొమ్ము అందుకున్న పిల్లలు మాత్రం 41.8 శాతమే. డాక్టరూ నర్సూ పక్కనే ఉండగా ఇలా జరిగిందంటే, తప్పు తల్లులది మాత్రమే అనడానికి నాకు నోరు రాదు. మన రాష్ట్రాల్లో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. అదే సర్వేలో ఆపరేషను కాన్పులు దేశం మొత్తానికి 21.5 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం ఉన్నాయి. ఆపరేషను అయిన తల్లిని ఒక గదిలో, బిడ్డను ఇంకో గదిలో ఉంచినంతసేపూ రొమ్ము పట్టించేదెవరు?

ఇప్పుడు మొదటి రోజు సంగతి. బిడ్డ పుట్టేనాటికి తల్లి రొమ్ములో పాలు ఉండవనుకోవడం పెద్ద పొరపాటు. గర్భం సగానికి వచ్చేసరికే అందులో చిక్కని, పసుపుపచ్చని ముర్రుపాలు తయారవుతుంటాయి. కొందరికి ఎనిమిదో నెలలోనే జాకెట్టు మీద మరక పడుతుంది. కొందరికి ఒక్క చుక్కా బయటికి రాదు. ఎలా ఉన్నా భయపడనక్కరలేదు.

ఈ ముర్రుపాల విషయంలో మన ఇళ్ళల్లో ఒక వింత చూస్తుంటాను. గేదె ఈనితే మొదటి పాలకోసం ఊరంతా ఎదురు చూస్తారు. బెల్లం వేసి, మిరియాలపొడి చల్లి జున్ను వండుకుంటారు, చుట్టాల ఇళ్ళకి గిన్నెలతో పంపిస్తారు. బలమని, రుచి అని ఎంత మెచ్చుకుంటారో! అదే ఇంట్లో కోడలు కంటే ఆమె మొదటి పాలు "చెడ్డపాలు, అరగవు" అని పిండి పారబోసేవారు ఇప్పటికీ ఉన్నారు. గేదె ముర్రుపాలు దూడ కోసం పుట్టినట్టే, ఈ పాలు ఈ బిడ్డ కోసమే పుట్టాయి. వీటిలో మాంసకృత్తులు, విటమిన్ ఎ, రోగాలను ఎదుర్కొనే పదార్థాలు హెచ్చుగా ఉంటాయి. బిడ్డ కడుపులోని నల్లని తొలి విరేచనం సాఫీగా పోవడానికి కూడా ఇవే సహాయం చేస్తాయి.

అయితే ఇవి చాలా కొద్దిగా ఉంటాయి. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. మొదటి 24 గంటల్లో బిడ్డ ఒక్కొక్కసారి తాగేది 2 నుంచి 10 మిల్లీలీటర్లే. అంటే అర చెంచా నుంచి రెండు చెంచాలు. రెండో రోజున 5 నుంచి 15, మూడో రోజున 15 నుంచి 30, నాలుగో రోజుకి 30 నుంచి 60 మిల్లీలీటర్లు. ఈ లెక్క తెలియని అమ్మమ్మగారు రొమ్ము నొక్కి చూసి, రెండు చుక్కలు రాగానే "పాలు లేవు" అని తీర్పు చెబుతారు. డబ్బాపాలు ఒక్కసారే 30 మిల్లీలీటర్లు పడితే బిడ్డ నాలుగు గంటలు మత్తుగా నిద్రపోతాడు. "చూశావా, కడుపు నిండితే ఎలా పడుకున్నాడో!" అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆ నాలుగు గంటల్లో రొమ్మును అడిగినవాడు లేడు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. పాల విషయంలో ఇది అక్షరాలా నిజం. కాన్పయి మాయ బయటికి రాగానే, గర్భంలో పాలను ఆపి ఉంచిన హార్మోను తగ్గిపోతుంది. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య పాలు పొంగుతాయి. ఆ పొంగు తనంత తానే వస్తుంది. ఆ తరువాత పాలు నిలబడాలంటే మాత్రం బిడ్డ చప్పరించాలి. చప్పరించినప్పుడల్లా తల్లి మెదడు నుంచి రెండు హార్మోనులు వస్తాయి. ఒకటి పాలు తయారుచేస్తుంది, రెండోది తయారైన పాలను బయటికి నెడుతుంది. మొదటిది రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది. అందుకే "బాలింత పడుకోనీ, రాత్రికి సీసా పడదాం" అనే దయ చివరికి అపకారంగా తేలుతుంది. రెండోది తల్లి మనసుని బట్టి ఉంటుంది. భయం, నొప్పి, పక్కన నిలబడి "రావడం లేదా, ఇంకా రావడం లేదా" అనే మాటలు దాన్ని కాసేపు ఆపగలవు. కొత్త బాలింత ఎదుట ఆ మాట అనకండి. రొమ్ము పెద్దదా చిన్నదా అన్నదానితో దీనికి సంబంధమే లేదు.

రోజుకి 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి. బిడ్డ నోరు చప్పరించడం, తల పక్కకి తిప్పి వెదకడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం ఆకలి గుర్తులు. ఏడ్చేదాకా ఆగనవసరం లేదు. ఒకప్పుడు గడియారం చూసి నాలుగు గంటలకొకసారి, ఒక్కో పక్క పది నిమిషాలు ఇవ్వమని మా డాక్టర్లే చెప్పేవారు. చనుమొనలను తువాలుతో రుద్ది గట్టిపరచుకోమనీ గర్భిణులకి చెప్పేవారు. ఇప్పుడు ఈ రెండూ చెప్పడం లేదు. మీ అమ్మగారు అవే చెబితే ఆవిడ తప్పు కాదు, మేము నేర్పిన పాఠమే ఆవిడ అప్పజెబుతున్నారు.

బిడ్డ రొమ్ము పట్టే తీరు అన్నిటికంటె ముఖ్యం. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే పాలు రావు, మొన చిట్లి తల్లికి కళ్ళ నీళ్ళు వస్తాయి. మొన చుట్టూ ఉన్న నల్లని భాగం, ముఖ్యంగా దాని కింది సగం, బిడ్డ నోట్లోకి వెళ్ళాలి. బిడ్డ ఒళ్ళంతా తల్లి వైపుకి తిరిగి ఉండాలి. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి మడిచినట్టు ఉండాలి. బుగ్గలు లోపలికి గుంటలు పడుతున్నా, టక్ టక్ అని చప్పుడు వస్తున్నా సరిగా పట్టలేదన్నమాట. చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి. మొదటి రోజుల్లో కాస్త నొప్పిగా ఉండవచ్చు. ఇచ్చినంతసేపూ నొప్పి ఉంటే మాత్రం పట్టు సరిగా లేదనే అర్థం. కాగితం మీద ఎంత రాసినా ఇది చూపిస్తే వచ్చేది. డిశ్చార్జి అయ్యేలోగా నర్సుని పిలిచి, "నేను ఇస్తాను, మీరు చూసి చెప్పండి" అని అడగండి. మొహమాటపడకండి.

మూడో రోజున పాలు పొంగినప్పుడు రొమ్ము బరువెక్కి, మొన సాగి, పట్టు దొరకక బిడ్డ ఏడుస్తాడు. ఈ సోదరికి జరిగింది ఇదే. అప్పుడు వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రెండు నిమిషాలు వేసి, చేతితో కొద్దిగా పాలు పిండితే నల్లని భాగం మెత్తబడుతుంది, బిడ్డకి పట్టు దొరుకుతుంది. ఇచ్చాక చల్లని గుడ్డ వేస్తే వాపు తగ్గుతుంది. గుడ్డతో బిగించి కట్టడం, పాలు "చెడిపోయాయి" అని ఆపడం చేయకూడదు. కొందరు ఇలాంటప్పుడు మల్లెపూలు కడతారు. అది ఉత్త మూఢనమ్మకం అనుకోవద్దు. 1988లో వెల్లూరు డాక్టర్లు పాలు ఎండబెట్టే మాత్రతో పోల్చి చూసి, మల్లెపూలు కట్టినా పాలు తగ్గుతాయనే తేల్చారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి పనికివచ్చే పని, పాలివ్వవలసిన తల్లికి చేస్తే ఎలా? రొమ్ములో ఒకచోట ఎర్రగా కంది, చలిజ్వరం వచ్చి ఒక రోజులో తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. మందు వాడుతూ కూడా పాలు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా.

ఇక పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఏడుపుని బట్టి చెప్పలేం. బిడ్డ వంద కారణాలకి ఏడుస్తాడు. గుడ్డలు లెక్కపెట్టండి. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు అన్నట్టు మూత్రం పెరుగుతూ, ఐదో రోజు దాటాక 24 గంటల్లో ఆరుసార్లకి తక్కువ కాకుండా పోయాలి. నల్లని విరేచనం నాలుగైదు రోజులకి పసుపు రంగుకి తిరగాలి. మొదటి రోజుల్లో పిల్లలందరూ కాస్త బరువు తగ్గుతారు, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వస్తారు. ఇది తెలియక, "ఆస్పత్రిలో మూడు కిలోలు ఉన్నవాడు ఇంటికొచ్చేసరికి రెండు కిలోల ఎనిమిదివందలకి దిగాడు" అని హడలిపోయి డబ్బా కొనేవారు చాలామంది.

అలాగని కళ్ళు మూసుకుని ధైర్యంగా ఉండమని కూడా చెప్పను. బరువు నూటికి పదిపాళ్ళకి మించి తగ్గినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, మూత్రం తగ్గినా, పచ్చకామెర్లు అరచేతులకీ అరికాళ్ళకీ దిగినా ఆ పూటే పిల్లల డాక్టరుకి చూపించాలి. నెలలు నిండకుండా పుట్టినవారికి, రక్తంలో చక్కెర పడిపోయినవారికి కొద్ది రోజులు పైపాలు అవసరం కావచ్చు. డాక్టరు కారణం చెప్పి పట్టమంటే పట్టండి. దానితోబాటే రొమ్ము పట్టించడం, పాలు పిండడం మానకండి. కాన్పులో రక్తం బాగా పోయినవారికి, మాయ ముక్క లోపల మిగిలినవారికి, థైరాయిడ్ జబ్బు ఉన్నవారికి, రొమ్ముకి ఆపరేషను జరిగినవారికి నిజంగానే పాలు తక్కువ కావచ్చు. గర్భంతో ఉండగా రొమ్ములు ఏమాత్రం పెరగకపోతే అది కూడా ముందుగానే డాక్టరుకి చెప్పాలి. ఇలాంటివారు కొద్దిమందే. వారిలో ఎవరినీ దెప్పిపొడవడానికి ఎవరికీ హక్కు లేదు.

తేనె మాట విడిగా చెప్పాలి. పెద్దలు ప్రేమతోనే నాకిస్తారు, అందులో సందేహం లేదు. కాని తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఏడాది లోపు పిల్లల పేగుల్లో విషం పుట్టించి నరాలను పడగొట్టగలదు. అరుదే అయినా ప్రాణం మీదికి వచ్చే జబ్బు. వేడుక కోసమైనా వద్దు. పంచదార నీళ్ళు, ఆముదం, గ్రైప్ వాటర్ కూడా అక్కరలేదు.

బాలింత తిండి గురించి రాయకపోతే పాఠకురాళ్ళు ఊరుకోరు. పచ్చి బొప్పాయి కూర, మునగాకు వేసిన తెలగపిండి, వెల్లుల్లి కారం, మెంతులు, సముద్రపు ఒడ్డున ఉన్నవారికి సొరపుట్టు... అన్నీ మంచి ఆహారమే, శుభ్రంగా తినండి. కాని బిడ్డ చప్పరించకుండా సొరపుట్టు ఒక్కటే పాలు తెప్పించలేదు. నాకు కోపం వచ్చేది పథ్యం పేరుతో కడుపు మాడ్చడం చూసినప్పుడు. కొన్ని ఇళ్ళల్లో బాలింతకి కూరలు, పప్పు, పండ్లు, ఆఖరికి మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. పాలిచ్చే మొదటి ఆరు నెలలూ మామూలుకంటే రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. అంటే ఇంచుమించు ఇంకొక పూట భోజనం. దాహమైనన్ని నీళ్ళు తాగనివ్వండి. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందన్న మాట నిజం కాదు.

పాలడబ్బాల సంగతి కొంచెం చెబుతాను. బొద్దుగా నవ్వే పాప బొమ్మ ఉన్న డబ్బాలు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. 1992లో వచ్చిన చట్టం ప్రకారం డబ్బా మీద బిడ్డ బొమ్మ గాని తల్లి బొమ్మ గాని వేయకూడదు, పసిపిల్లల డబ్బాపాలకీ పాలసీసాలకీ ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకి ఉచితంగా పంచకూడదు. ఇంత కట్టడి ఎందుకంటే, ఒకసారి సీసా చేరిన ఇంట్లో రొమ్ము ఎండిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. పైగా డబ్బా ఖరీదు చూసి పాలు పల్చగా కలుపుతారు, సీసా సరిగా మరగదు. ఈ సోదరి బాబుకి మూడుసార్లు విరేచనాలు పట్టుకోవడంలో సీసాకి వాటా ఉండే ఉంటుంది.

ఇప్పుడు ఆమె చేయవలసింది. అమ్మా, మళ్ళీ ఆపరేషనే కావచ్చు. ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. ఈసారి పరీక్షకి వెళ్ళినప్పుడు మీ భర్తని వెంట తీసుకువెళ్ళి, డాక్టరుతో మూడు మాటలు చెప్పించుకోండి: నడుముకి మత్తు ఇస్తే మీరు మెలకువగానే ఉంటారు కనుక, బిడ్డ బాగుంటే ఆపరేషను గదిలోనో బయటికి రాగానేనో మీ గుండెల మీద పడుకోబెట్టి రొమ్ము అందించాలని, బిడ్డను మీ గదిలోనే ఉంచాలని, కారణం చెప్పకుండా పైపాలు పట్టకూడదని. కుట్లు నొప్పిగా ఉంటే పక్కకి తిరిగి పడుకుని ఇవ్వవచ్చు, లేదా బిడ్డను చంక కింద తలగడ మీద పెట్టుకుని ఇవ్వవచ్చు. నొప్పికీ కుట్లకీ మామూలుగా ఇచ్చే మందులు పాలకి అడ్డు కావు. చనుమొనలు లోపలికి ఉంటే ఇప్పుడే చూపించుకోండి, మీ అంతట మీరు లాగడం, రుద్దడం చేయకండి. పురిటికి వచ్చే అమ్మగారికి ఈ సంగతులన్నీ ముందే చెప్పి ఒప్పించండి. నొప్పులతో ఉన్నప్పుడు వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇదే విషయం మీద వచ్చిన మరి రెండు ప్రశ్నలు:

ప్రశ్న: మా పాపకి మూడో నెల. మాది ఎండలు మండిపోయే ఊరు. పాపకి కాచి చల్లార్చిన నీళ్ళు పట్టవచ్చా?

జవాబు: అక్కరలేదు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్ళే. ఎండాకాలంలో ఒకటి రెండుసార్లు ఎక్కువ పాలివ్వండి, మీరు నీళ్ళు, మజ్జిగ బాగా తాగండి. ఆరు నెలలు నిండేదాకా పాలు తప్ప ఏమీ వద్దు. పూర్వం నాలుగో నెలనుంచే అన్నం అలవాటు చేయమనేవారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలని నిర్ణయించింది. ఆ తరువాత మెత్తని ఆహారం మొదలుపెట్టి, రెండేళ్ళదాకా, ఇష్టమైతే ఆపైన కూడా పాలివ్వవచ్చు.

ప్రశ్న: నేను ఉద్యోగినిని. సెలవు అయిపోగానే పాలు మాన్పించవలసిందేనా?

జవాబు: అవసరం లేదు. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకీ జీతంతో కూడిన సెలవు 26 వారాలయింది. అంటే ఆరు నెలలు ఇంచుమించు గడిచిపోతాయి. మీ ఆఫీసులో అంత సెలవు దొరకకపోతే, వెళ్ళేముందు చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించిన స్టీలు గిన్నెలోకి పాలు పిండి మూతపెట్టండి. గదిలో నాలుగు గంటలు, మండుటెండల్లో అంతకంటె తక్కువ సేపు, ఫ్రిజ్‌లో 24 గంటలు నిలవ ఉంటాయి. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి. పొయ్యిమీద కాచకూడదు, గిన్నెను వేడినీళ్ళలో ఉంచితే చాలు. సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టమని ఇంట్లోవారికి చెప్పండి. మొదటి నాలుగైదు రోజులు సగం ఒలికిపోతుంది, తరువాత బిడ్డే నేర్చుకుంటుంది. సాయంత్రం ఇంటికి రాగానే, రాత్రంతా రొమ్మే ఇవ్వండి. ఆఫీసులో మధ్యాహ్నం ఒకసారి పిండుకోవడానికి చోటు అడగండి, లేకపోతే రెండు వారాల్లో పాలు తగ్గుముఖం పడతాయి.